ఓచరు లేని ఎంట్రీ: గిరి ప్రదక్షిణ దాకా 70 రోజుల నడక డైరీ

పాల లెక్క రాసుకునే డైరీలో రోజుకి మూడు లైన్లు. ప్రాజెక్టు అంటే ఇంతే. పొద్దున్నే నడవాలి, నడిచేటప్పుడు ఎక్కడున్నానో అక్కడే ఉండాలి, ఇంటికొచ్చాక ఆ రోజు దేనికి కృతజ్ఞత అనిపించిందో మూడు లైన్లు రాయాలి. మే 1న మొదలు. సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగే ఆషాఢ శుద్ధ చతుర్దశికి ముగింపు. క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కేస్తే 70 రోజులొచ్చింది.

కారణాలు రెండు. ఒకటి బీపీ, 148/94. మాత్ర రాసిన డాక్టరు గారు "నడవండమ్మా, కానీ ఆఫీసుని నెత్తిన పెట్టుకుని నడవకండి" అన్నారు. రెండోది మా అత్తయ్య. ఆవిడ పదకొండుసార్లు కొండ చుట్టూ నడిచారు, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. మోకాళ్ళు మొరాయించాక మానేశారు. పెళ్ళయి విశాఖ వచ్చి 22 ఏళ్ళయినా నేను ఒక్కసారీ వెళ్ళలేదు. బ్యాంకులో జూన్ క్లోజింగ్ అలసట అని ఏటా ఒకటే వంక.

కృతజ్ఞత రాయడమనే ఆలోచన నాది కాదు. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. కాలేజీ పిల్లల్ని మూడు జట్లు చేసి, పది వారాలపాటు వారానికోసారి ఒక జట్టు చేత తమకి జరిగిన మేళ్ళు, ఇంకో జట్టు చేత చికాకులు, మూడో జట్టు చేత ఊరికే జరిగిన సంగతులు రాయించారు. మేళ్ళు రాసినవాళ్ళు చికాకులు రాసినవాళ్ళకంటే ఎక్కువ వ్యాయామం చేశారట. రాస్తేనే కాళ్ళు కదిలాయంటే, నడిచొచ్చి రాస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నాను.

ఇక మైండ్‌ఫుల్‌నెస్. ఆ మాట నాకు నోరు తిరగదు. మనకి ఎరుక ఉంది, అది చాలు. "రేపట్నించి ఎరుకతో నడుస్తాను అత్తయ్యా" అంటే ఆవిడ పప్పు గరిటె ఆపి, "సోది చెప్పించుకుంటావా?" అన్నారు.

రోజు 1

5 గంటలకి పెదవాల్తేరులో ఇంటి నుంచి దిగి, వుడా పార్కు దగ్గర బీచ్ రోడ్డెక్కి, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దాకా వెళ్ళి వెనక్కి. పొద్దున పూట అక్కడ బళ్ళు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్ళదే. ఫోన్ ఇంట్లోనే పెట్టేశాను.

పద్ధతి: మొదటి పది నిమిషాలు ఊపిరి లెక్క. నాలుగడుగులకి పీల్చడం, నాలుగడుగులకి వదలడం, అది ఒకటి. పదిదాకా వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి. మధ్యలో ఆలోచన లాక్కుపోతే తిట్టుకోకుండా ఒకటికి రావాలి.

ఫలితం: ఒక్కసారి కూడా ఆరు దాటలేదు. గ్యాస్ బుకింగ్, శుక్రవారం వచ్చే ఆడిటరు, పక్కింటివాళ్ళ మోటారు, పిల్లాడి హాస్టల్ ఫీజు, మళ్ళీ గ్యాస్.

డైరీ: గాలి. సముద్రం. ఆరోగ్యం.

రోజు 3

గాలి. సముద్రం. ఆరోగ్యం.

రోజు 5

సముద్రం. ఆరోగ్యం. కుటుంబం. (గాలి లేదు, ఒకటే ఉక్కపోత.)

రోజు 6

ఇవాళ లేవలేదు. రాత్రి పడుకోబోతూ డైరీ తీసి "సముద్రం, గాలి, పక్షులు" అని రాసేశాను. నడవకుండానే! రాశాక నాకే నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి లెక్కకీ రుజువుగా ఉండే ఓచర్ల మీద సంతకాలు పెడుతున్నదాన్ని, ఇంట్లో దొంగ ఎంట్రీ వేశాను.

అప్పుడు వెనక్కి తిప్పి చూస్తే, మిగతా ఐదు రోజులవి మాత్రం ఏమంత నిఖార్సయినవి? "ఆరోగ్యం" అని రాయడానికి నడవక్కర్లేదు, మంచం మీద నుంచి కూడా రాయొచ్చు. ఏ పేజీ చించి ఏ ఏడాది డైరీలో అతికించినా సరిపోతుంది. ఒక్కదానికీ ఓచరు లేదు.

కొత్త రూలు: ప్రతి ఎంట్రీకి ఓచరు ఉండాలి. ఎవరు, ఏం చేశారు, ఎక్కడ, ఇవాళ నేను చూశానా? ఈ నాలుగూ లేకపోతే రాయకూడదు.

ఇంకో సంగతి. కృతజ్ఞత అన్న మాటని ఇన్నేళ్ళూ థాంక్స్‌కి పెద్ద మాట అనుకుంటున్నాను. విడదీస్తే కృతం అంటే చేసినది, జ్ఞత అంటే తెలిసి ఉండడం. చేసినది తెలిసి ఉండడం. మాటలోనే ఓచరు ఉంది. ఈ లెక్కన ఎరుక వేరు, కృతజ్ఞత వేరు అని రెండు పద్దులు తెరవక్కర్లేదు. ఎవరు ఏం చేశారో తెలియాలంటే ముందు కళ్ళు పెట్టి చూడాలి కదా.

రోజు 9

వుడా పార్కు దాటాక రోడ్డు ఊడ్చే ఆవిడ ఉంది. ఇన్నాళ్ళూ ఉండే ఉంటుంది, నేనే చూడలేదు. ఇవాళ ఆగి చూశాను. చీపురు మామూలు ఈనెల చీపురే, కానీ పొడుగాటి కర్రకి కట్టుకుంది, వంగక్కర్లేకుండా. కట్టింది తాడుతో కాదు, సైకిల్ ట్యూబు ముక్కతో. తాడైతే తడికి వదులవుతుంది, రబ్బరు బిగుసుకునే ఉంటుంది. ఊడ్చే చప్పుడులో కూడా వరస ఉంది: రెండు చిన్న దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ. చిన్నవి ఇసకని లేపడానికి, పొడుగుది తోయడానికి. నా ఊపిరి లెక్క మానేసి కాసేపు ఆ లెక్కే విన్నాను.

వెళ్తూ "థాంక్సమ్మా" అన్నాను. సిగ్గుగానే అనిపించింది.

"ఎందుకమ్మా?"

"రోడ్డు ఇంత బాగా ఊడుస్తున్నావని."

ఆవిడ నా చేతికేసి చూసింది. "అయితే ఆ కాళీ బాటిలు ఇలాగియ్యండి. గట్టు మీద పెట్టీసి ఎల్లిపోతారు అందరూనూ."

డైరీ: ఒక్కటే ఎంట్రీ, ఓచరుతో సహా. మిగతా రెండు లైన్లూ ఖాళీ. ఫర్వాలేదు.

రోజు 14

పెద్దవల లాగుతున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ బోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఒడ్డు నుంచి చేత్తో లాగే వలలు మాత్రం కనిపిస్తున్నాయి. నేను ఇరవై నిమిషాలు నిలబడిపోయాను, నడక సగమే అయింది.

వలకి రెండు కొసలు. ఒక్కో తాడుకి పది, పన్నెండుమంది. నడుముకి కట్టుకున్న చిన్న తాడుని పెద్ద తాడుకి మెలేసి, ఒంటి బరువంతా వెనక్కి వేసి అడుగు తీస్తున్నారు. చేతులతో లాగడం తక్కువ, నడుముతో నడవడం ఎక్కువ. నీళ్ళకి దూరంగా వచ్చినవాడు మెలి విప్పుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికెళ్ళి ముందు చేరతాడు. అలా ఆ వరస తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒక పెద్దాయన మాత్రం వెనక కూర్చుని వచ్చిన తాడుని చుట్టలు చుడుతున్నాడు. ఒక్క చుట్ట కూడా ముందు చుట్ట మీదికి ఎక్కట్లేదు.

చివరికి వలలో కాసిని కవళ్ళు, నెత్తళ్ళు, రెండు జెల్లీఫిష్‌లు, బోలెడన్ని ప్లాస్టిక్ కవర్లు. "డీజిలు కర్సు నేదు, సేపా నేదు" అన్నాడు ఒకాయన, ఎవరితోనో కాదు, వలతో.

ఇక్కడ కృతజ్ఞత ఎంట్రీ ఎలా రాయాలో తెలియలేదు. వాళ్ళకి నష్టం వచ్చిన పొద్దుటి పూట నాకు మంచి దృశ్యం దొరికిందని రాసుకోనా? "తాడు చుట్టలు, పెద్దాయన" అని రాసి ఊరుకున్నాను.

రోజు 21

వెనకాల నలుగురు, నడుముకి వేలాడే బ్లూటూత్ స్పీకరు. నేను నెమ్మదిస్తే వాళ్ళూ నెమ్మదించారు, నేను పరుగందుకుంటే ఆయాసం నాకే మిగిలింది.

పద్ధతి ప్రకారం కోపాన్ని కూడా గమనించాలి. గమనించాను. నా కోపం దవడల్లో ఉంది. తర్వాత ఎడమ భుజంలో. భుజం దించితే దవడ బిగుస్తుంది, దవడ వదిలితే భుజం లేస్తుంది. ఇది కొత్తగా తెలిసింది: ఆఫీసులో సాయంత్రానికి వచ్చే మెడనొప్పికి పుట్టిల్లు ఇదేనేమో.

ఆ నలుగురి మీద కూడా కృతజ్ఞత తెచ్చుకుందామని చూశాను, సహనం నేర్పించారని అదనీ. రాలేదు. రాని దాన్ని రాయడం రోజు 6 లాంటిదే. డైరీ: నిల్.

బ్యాంకులో నిల్ స్టేట్‌మెంట్ కూడా స్టేట్‌మెంటే. పంపకపోతేనే తప్పు.

రోజు 27

రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారు, మా డాబా మీద పెట్టిన ప్లాస్టిక్ బకెట్ పగిలింది. నాలుగున్నరకే బయల్దేరుతున్నాను. అయినా చీర కట్టుకుని ఆవిరిలో నడిచినట్టుంది.

అత్తయ్య ఇవాళ నా చెప్పుల్లేని నడకని పరీక్షించారు, అంటే బీచ్‌కి ఆటోలో వచ్చి బెంచీ మీద కూర్చుని చూశారు. తీర్పు: మడమ దబదబా వేస్తున్నాను, కింద అద్దెకున్నవాళ్ళు గొడవకొచ్చేలా. పొడి ఇసకలో నడవకు, పిక్కలు పట్టేస్తాయి. అల వచ్చి వెళ్ళిన తడి ఇసక మీద నడువు. ఒకే వైపు నడవకు, ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఒక కాలికి, వచ్చేటప్పుడు ఇంకో కాలికి పని చెప్పు.

తడి ఇసక మీద నడిస్తే లెక్కతో పనిలేదు. అడుగు పడగానే చుట్టూ ఇసక తెల్లబడి ఆరినట్టవుతుంది, కాలు తీయగానే నీరు ఊరుతుంది. ముందు మడమ, తర్వాత పాదం బయటి అంచు, చివర బొటనవేలు. ఒక్కో చోట ఒక్కో చల్లదనం. వెనక్కి తిరిగి నా అడుగులు చూసుకున్నాను: కుడి పాదం బయటికి తిరిగి ఉంది, గడియారంలో రెండు గంటల ముల్లులా. 47 ఏళ్ళుగా ఇలాగే నడుస్తున్నానన్నమాట.

డైరీ: అత్తయ్య, బెంచీ, ఆటో ఛార్జీ (రానుపోను ఆవిడే ఇచ్చారు).

రోజు 32, ఆదివారం

మా ఆయనతో తొట్లకొండ. భీమిలి దారిలో సముద్రానికెదురుగా ఉన్న కొండ. 1970ల్లో నేవీవాళ్ళు సర్వే చేస్తుంటే అక్కడ బౌద్ధుల ఆనవాళ్ళు బయటపడ్డాయి. తర్వాత 1988 నుంచి పురావస్తు శాఖ తవ్వకాల్లో స్తూపం, విహారాలు, చైత్యాలు తేలాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ.

నడకతో చేసే ధ్యానం బౌద్ధులకి చాలా పాతది, చంక్రమణం అంటారు. ఎరుక గురించి బుద్ధుడు చేసిన బోధ సతిపట్ఠాన సుత్తంలో చెప్పింది ఎంత సాదా మాటో: నడుస్తున్నప్పుడు 'నడుస్తున్నాను' అని తెలుసుకుంటాడు. అంతే! నేను నాలుగు వారాలుగా ఆపసోపాలు పడుతున్నది ఈ ఒక్క వాక్యం కోసం.

స్తూపం చుట్టూ మెల్లగా తిరిగాను. మా ఆయన నీడలో నిలబడి, పెళ్ళి ఫొటోల జంట ఒకటి గౌను కొంగు కంపలో చిక్కుకుని తంటాలు పడుతుంటే చూస్తున్నారు. తొట్టి దగ్గర వంగి చూస్తే రాతిలో ఉలి గాట్లు ఇంకా తెలుస్తున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వాలులో. రెండువేల ఏళ్ళ కిందట ఎవరో ఒక మనిషి వానాకాలం లోపల ఇది పూర్తి చేయాలని ఎంత తొందరపడి ఉంటాడో. పేరు లేదు గాని గాటు ఉంది. ఓచరుగా ఒప్పుకున్నాను.

రోజు 39

మృగశిర. చినుకు పడింది, రోడ్డు వాసన వచ్చింది, జారి పడ్డాను. మోచెయ్యి దోక్కుపోయింది. లేపిన పెద్దాయన "చూసుకుని నడవాలమ్మా" అన్నారు. చూసుకుని నడవడమే నా ప్రాజెక్టని ఆయనకేం చెప్పను!

రోజు 46

జూన్ 15. నిషేధం అయిపోయింది. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న సముద్రం మీద తెల్లవారేసరికి పడవలే పడవలు. 31 దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత కలిసిపోయాయి. చేతుల్లో పనిలేని రెండు నెలల తర్వాత మొదటిసారి వెళ్తున్నవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో వినాలనిపించింది. మా ఆయన ఆలోచన మాత్రం వంజరం చేప రేటు మీద.

బీపీ 136/86. నడక వల్లే అని బల్ల గుద్ది చెప్పను. మాత్ర వేసుకుంటున్నాను, ఆవకాయ తగ్గించాను. ఊపిరి లెక్క ఇప్పుడు పదిదాకా వెళ్తోంది, అయితే రోజూ కాదు. నెలాఖరు దగ్గరపడేకొద్దీ మళ్ళీ ఆరుకి దిగుతుందని అనుమానం.

రోజు 52

మొదటి రోజు నుంచీ కురుసుర రెయిలింగ్ దగ్గర ఒకే చోట నిలబడి సూర్యుడు ఎక్కడ పైకొస్తున్నాడో చూస్తున్నాను. మబ్బు లేని రోజులు తక్కువే, అయినా తేడా కనిపిస్తోంది. కొలత: చెయ్యి బారుగా చాపి పిడికిలి పెట్టడం. మే మొదట్లో పొడిచిన చోటికీ ఇవాళ్టి చోటికీ మధ్య దాదాపు ఒక పిడికిలి, ఎడమ పక్కకి, కైలాసగిరి వైపు. జూన్ 21 కాబట్టి ఇంతకంటే జరగడు. రేపట్నించి వెనక్కి, డిసెంబరు దాకా దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు.

ఇరవై రెండేళ్ళుగా తూర్పు సముద్రం ఒడ్డున కాపురం చేస్తూ, సూర్యుడు రోజూ ఒకే చోట లేస్తాడనుకుంటున్నాను. పిల్లాడికి నాలుగో తరగతిలో ఉత్తరాయణం, దక్షిణాయనం కంఠతా పట్టించింది కూడా నేనే.

రోజు 58

రిహార్సల్. హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం, అక్కడి నుంచి వెనక్కి, ఇంకా కొంత కలుపుకుని 18 కిలోమీటర్లు వేద్దామని. ఎగువ వచ్చిన చోట నాలుగడుగుల ఊపిరి కుదరదు, మూడుకి దించాలి.

పది దాటాక కుడి మోకాలు. నొప్పిని కూడా ఎరుకతో చూడమంటారు కదా, చూశాను. చిప్ప కింద, లోపలి పక్క, రూపాయి బిళ్ళంత. దిగువలో గుచ్చుతుంది, చదునులో గొణుగుతుంది. ఇలా వివరంగా చూస్తే భయం తగ్గిన మాట నిజం. నొప్పి మాత్రం తగ్గలేదు. ఎరుకతో మోకాలు బాగవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను ఫిజియోథెరపీకి వెళ్తున్నాను.

పధ్నాలుగు దగ్గర కళ్ళు తిరిగి టీ బడ్డీ బల్ల మీద కూలబడ్డాను. నీళ్ళ బాటిలు ఎప్పుడో అయిపోయింది. బడ్డీ అతను ఏమీ అడగలేదు. తను తాగుదామని తెచ్చుకున్న మజ్జిగ సీసా తీసి, ఉప్పు వేసి, గ్లాసులో కాదు, మూతలో పోసి ఇచ్చాడు. "ఒక్కసారి తాగితే కక్కీస్తారు, మూత మూత తాగండి." ఆటోలో ఇంటికి.

డైరీలో ఆ మూత గురించే మూడు లైన్లూ.

రోజు 69

అత్తయ్య మూట సర్దారు: కొబ్బరినూనె (వేలికీ వేలికీ మధ్య రాసుకోవాలి), ఉప్పు పొట్లం, పాత కాటన్ తువ్వాలు. చివరి సలహా: "గోపాలపట్నం దాటాక వాగేవాళ్ళ పక్కన నడవకు. వాళ్ళు మాటల్లో పడి నిదానిస్తారు, నువ్వు నిలబడిపోతావు."

రోజు 70

సింహాచలం కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, పొద్దున్నే బయల్దేరాను. స్వామి రథం మధ్యాహ్నం కదులుతుంది, ఎండకి జడిసి ముందే నడిచేవాళ్ళు నాలాంటివాళ్ళు వేలల్లో ఉన్నారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక. ఫోన్ తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టాను.

నా పద్ధతి గంటన్నరలో తలకిందులైంది. ఊపిరి లెక్క పెడదామంటే చుట్టూ గోవింద నామాలు. ఓచర్లు గుర్తుపెట్టుకుందామంటే ప్రతి పది గజాలకీ ఒకరు ఏదో ఒకటి చేతిలో పెడుతున్నారు. పులిహోర, అరటిపండు, నీళ్ళ ప్యాకెట్, గ్లూకోజు. ఒక చోట నలుగురు కుర్రాళ్ళు స్ప్రే డబ్బాలతో వరసగా కూర్చుని వచ్చినవాళ్ళ పిక్కలకల్లా కొడుతున్నారు, మొహం కూడా చూడట్లేదు. ఇంకో చోట రోడ్డు కాలకుండా ఒకావిడ పంపు గొట్టంతో తారు తడుపుతోంది. వాకిట్లో కళ్ళాపి చల్లినట్టు అటూ ఇటూ ఊపుతూ, పాదాలొచ్చినప్పుడు గొట్టం పక్కకి తిప్పుతూ, పాదాలు వెళ్ళగానే మళ్ళీ అక్కడే. ఆ తడి ముప్ఫై అడుగుల మేర ఉందేమో. ఆ ముప్ఫై అడుగులూ నేను దేన్నీ లెక్కపెట్టలేదు.

అప్పూఘర్ దగ్గర సముద్రంలో కాళ్ళు తడుపుకుని పైకి వస్తే, మా వీధివాళ్ళ మజ్జిగ టెంటు. ప్లాస్టిక్ కుర్చీలో అత్తయ్య, చేతిలో గరిటె. నన్ను గుర్తుపట్టినట్టు మొహంలో ఏమీ లేదు. అందరికీ పోసినట్టే పోశారు, నిండా కాదు, ముప్పాతిక. తాగి గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, "బుట్టలో వెయ్యమ్మా, వెనక జనం ఉన్నారు" అన్నారు.

ఇసకతోట, సీతమ్మధార. మోకాలు మొదలైంది. రూపాయి బిళ్ళ ఐదు రూపాయల బిళ్ళ అయింది, అంతకు మించలేదు. మాధవధార నుంచి గోపాలపట్నం దాకా ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు, ముందు నడిచే ఒకాయన పంచె అంచు తప్ప. ఆకుపచ్చ, సన్న జరీ, ఎడమ పక్క కుట్టు వూడింది. గోపాలపట్నం దాటాక ఇద్దరు వాగుతూ పక్కన చేరారు. వేగం పెంచాను.

తొలిపావంచా చేరేసరికి చీకటి పడి చాలాసేపైంది. దర్శనం రేపు, పౌర్ణమికి.

ఇంటికొచ్చి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని డైరీ తెరిచాను. మూడు లైన్ల రూలు దాటేసింది. పులిహోర పొట్లం మీద రబ్బరు బ్యాండు విప్పి ఇచ్చిన పిల్ల, స్ప్రే కుర్రాళ్ళు, తడి తారు, పంచె అంచు, అరటిపండిచ్చి తొక్క కోసం చెయ్యి చాపి నిలబడ్డ ముసలాయన. పేజీ నిండి, పక్క పేజీలోకి పోయి, అక్కడా చాలక అంచుల్లోకి ఎక్కింది. రాస్తూ రాస్తూ నిద్రపోయాను.

పొద్దున్నే వంటింట్లోంచి అత్తయ్య కేక. డైరీ ఆవిడ చేతిలో ఉంది, పాలబ్బాయి గుమ్మంలో ఉన్నాడు.

"అన్నీ బానే రాశావు గానీ, ఈ నెల మూడు రోజులు పాలు రాలేదు. ఆ లెక్క ఎక్కడ రాసి చచ్చావే?"